పిల్లల ఖగోళ పుస్తకం ఎవరెవరి చేతుల మీదుగా వస్తుంది?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో విదియ నాటి సాయంత్రం చెన్నైలో పడమటి వైపు చూస్తే నెలవంక వెల్లకిలా పడుకుని ఉంటుంది, రెండు కొమ్ములూ పైకి పెట్టి. నెల్లూరులో చూసినా, తిరుపతిలో చూసినా దాదాపు అంతే. కానీ మన పిల్లల చేతికొచ్చే ఆకాశం పుస్తకాల్లో చాలావాటిలో నెలవంక నిటారుగా నిలబడి ఉంటుంది. బాగా ఉత్తరాన ఉన్న దేశాల్లో అది పక్కకు తిరిగే కనిపిస్తుంది కాబట్టి ఆ బొమ్మ అక్కడి పిల్లలకు చెల్లుతుంది. మన దగ్గర సూర్యచంద్రులు నడిచే దారి పడమట దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. అప్పుడే అస్తమించిన సూర్యుడు చంద్రుడికి కింద ఉంటాడు, వెలుగు కింది అంచు మీద పడుతుంది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఆ దారి ఏటవాలుగా మారుతుంది, వెలుగు పక్క అంచుకు జరుగుతుంది. ఇంతే సంగతి. ఇది తెలిసినవాళ్లకు ఒక్క నిమిషంలో దిద్దగలిగే బొమ్మ.

మరి ఎవరూ ఎందుకు దిద్దలేదు? రాసినవారు చూడాలా, సరిచూసిన శాస్త్రవేత్తా, బొమ్మ గీసినవారా, తెలుగులోకి తెచ్చినవారా, ప్రచురించినవారా? అట్ట మీద ఉండేది ఒకరిద్దరి పేర్లే గానీ, ముప్పై రెండు పేజీల పుస్తకం వెనక కూడా ఏడెనిమిది మంది ఉంటారు. ఎవరి పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిస్తే తప్ప, మంచి పుస్తకం ఎందుకు మంచిదో, తప్పులున్న పుస్తకంలో తప్పు ఎక్కడ దూరిందో అర్థం కాదు.

చెన్నైలో ఈ పనికి పాత చరిత్ర ఉంది. అందులో తెలుగుకూ వాటా ఉంది. నుంగంబాక్కంలో వాతావరణ కేంద్రం ఆవరణలో ఒక రాతి స్తంభం ఉంది. 1792లో కట్టిన మద్రాసు అబ్జర్వేటరీలో పరికరాన్ని నిలబెట్టిన స్తంభం అది. వెయ్యేళ్ల తర్వాత వచ్చేవాళ్లకు కూడా ఈ సంగతి తెలియాలని దాని మీద లాటిన్, తమిళం, హిందుస్తానీలతో పాటు తెలుగులోనూ చెక్కించారు. అదే అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాన్ని గుర్తించారు. 1868 ఆగస్టు 18న తెలుగు నేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగినప్పుడు వనపర్తికి వెళ్లిన బృందాన్ని నడిపింది ఆయనే. 1872లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ను ఫెలోగా తీసుకుంది.

నాకు ఆయన మీద గౌరవం కలిగించేది మాత్రం ఇంకో పని. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటింది. దాని గురించి మామూలు జనానికి చెప్పడానికి ఆయన ఒక చిన్న పుస్తకం రాశారు. ఇంగ్లీషుతో పాటు కన్నడం, ఉర్దూ లాంటి భాషల్లో అది వచ్చింది. రాసిన తీరు సంభాషణ: ఒక సిద్ధాంతిగారు అడుగుతారు, రచయిత జవాబు చెబుతారు. పంచాంగాలు కట్టే కుటుంబం నుంచి వచ్చిన మనిషి కాబట్టి ఎదుటివాళ్ల అనుమానం ఏమిటో, ఏ మాట దగ్గర ఆగిపోతారో ఆయనకు బాగా తెలుసు. టెలిస్కోపు చూసిన కన్ను, రాసిన చెయ్యి, చదివేవాళ్ల సంగతి తెలిసిన బుర్ర, మూడూ ఒకే మనిషివి.

తర్వాత ఆ పనులు విడిపోయాయి. అయినా చాలాకాలం ఒకే కప్పు కింద ఉన్నాయి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో చందమామ మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపారు. చిత్రకారుడు శంకర్ కూడా 1952లోనే చేరి ఆరు దశాబ్దాల పాటు బొమ్మలు వేశారు. అది కథల పత్రిక, ఖగోళ పత్రిక కాదు. కానీ రాసేవారూ గీసేవారూ ఏళ్ల తరబడి ఒకే సంస్థలో ఉంటే ఒకరి పని ఇంకొకరికి ఎంతగా తెలిసివస్తుందో ఆ పత్రిక పేజీలు తిప్పితే తెలుస్తుంది. కుటుంబరావుగారి అబ్బాయి రోహిణీప్రసాద్ అణుశాస్త్రవేత్త అయ్యి, తెలుగులో విశ్వం గురించి, జీవపరిణామం గురించి ఎంతో సులువుగా రాశారు. మహీధర నళినీమోహన్ గ్రహణాలు, క్యాలెండర్లు లాంటి చిక్కు విషయాలను కబుర్లు చెప్పినట్టు చెప్పారు. రాయగలిగిన శాస్త్రవేత్తలు మనకు లేకపోలేదు.

ఇప్పుడు పద్ధతి ఇలా ఉంటోంది. రచయిత హైదరాబాదులో, సరిచూసే శాస్త్రవేత్త బెంగళూరులో, బొమ్మలు వేసేవారు ఇంకో ఊళ్లో, తెలుగు చేసేవారు చెన్నైలో, అచ్చు శివకాశిలో. అందరినీ కలిపేది ఒక ఎడిటరూ, నాలుగు ఈమెయిళ్లూ. ఇందులో చెడేమీ లేదు. దేశంలో ఎక్కడున్నా పనిమంతులను పట్టుకోవచ్చు. చిక్కంతా ఏ పని తర్వాత ఏ పని జరుగుతోందన్న దగ్గర ఉంది. ముందు రాతప్రతి తయారవుతుంది. దాన్ని శాస్త్రవేత్తకు పంపుతారు. ఆయనో ఆవిడో శ్రద్ధగా చదివి, దూరాలు, వేడి, వయసులు అన్నీ సరిచూసి ఓకే అంటారు. బొమ్మల పని ఆ తర్వాత మొదలవుతుంది. బొమ్మలు వచ్చాక పేజీలు కడతారు, తెలుగు అక్షరాలు పెడతారు, అచ్చుకు పోతాయి. శాస్త్రం తెలిసిన మనిషి చూసింది మాటల్ని. బొమ్మల్ని చూసింది శాస్త్రంతో పరిచయం లేని మనుషులు. అందుకే పిల్లల ఖగోళ పుస్తకాల్లో వాక్యం ఒప్పుగా ఉండి, పక్కనే బొమ్మ తప్పుగా ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల ముందు నమ్మేది బొమ్మనే.

ఋతువుల పేజీ తీసుకోండి. భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం వల్ల ఋతువులు వస్తాయని మాటల్లో సరిగ్గానే ఉంటుంది. పక్క బొమ్మలో భూమి తిరిగే దారి కోడిగుడ్డులా సాగి, రెండు చివర్లలో సూర్యుడికి దూరంగా, మధ్యలో దగ్గరగా కనిపిస్తుంది. దగ్గరికి వచ్చినప్పుడు ఎండాకాలం, దూరం పోయినప్పుడు చలికాలం అని పిల్లలు అక్కడే ఖాయం చేసుకుంటారు. నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, మనం సంక్రాంతి భోగిమంటలకు కట్టెలు పోగేసుకునే రోజుల్లో. అప్పటి దూరం దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో 15.2 కోట్లు.

ఆ దారిని కాగితం మీద 20 సెంటీమీటర్ల వెడల్పుతో కొలతకు సరిగ్గా గీశామనుకుందాం. పొడవుకూ వెడల్పుకూ తేడా మిల్లీమీటరులో 0.03 వంతు వస్తుంది. సన్నగా చెక్కిన పెన్సిలు గీత మందం కూడా దానికంటే ఎక్కువే. సూర్యుడు మాత్రం నట్టనడుమ నుంచి 1.7 మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటాడు. అంటే చూసే కంటికి అది గుండ్రటి దారే. మరి చిత్రకారులు అంత సాగదీసి ఎందుకు గీస్తారు? వాళ్లు గీసేది పక్కనుంచి చూసిన దృశ్యం. బల్ల మీద పెట్టిన కంచాన్ని కూర్చున్న చోటు నుంచి చూస్తే కోలగా కనిపించినట్టే, ఆ దారీ కోలగా వస్తుంది. గీసినవారి దృష్టిలో అది తప్పు కాదు, పర్‌స్పెక్టివ్. ఈ బొమ్మను పక్కనుంచి చూస్తున్నామని ఒక్క ముక్క రాస్తే, లేదా పైనుంచి చూసిన గుండ్రటి బొమ్మ ఇంకొకటి చిన్నగా పెడితే చిక్కు తీరిపోతుంది. ఆ ముక్క ఎవరు రాయాలి? రచయిత అప్పటికే ఇంకో పనిలో ఉంటారు. శాస్త్రవేత్తకు ఆ పేజీ చేరదు. చిత్రకారులకు అలాంటి అపోహ పుడుతుందని ఎవరూ చెప్పరు.

ఒక పిల్లల ఖగోళ పుస్తకం తెలుగు ప్రతి సరిచూసే పని మీద నేను చెన్నై వేళచ్చేరిలో ఒక అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, ఇంకా అచ్చుకు పోని పేజీలను పిల్లలకు చదివి వినిపించాను. తెలుగిళ్ల పిల్లలు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివేది ఇంగ్లీషూ తమిళమూ. భూమి, చంద్రుడు పక్కపక్కనే ఉన్న పేజీ రాగానే ఒక పాప అడిగింది: "ఆంటీ, చంద్రుడు ఇంత దగ్గరుంటే మనకి తగలడా?" పక్కనే కొలత పట్టీ ఉంది. భూమిని ఒక సెంటీమీటరు అనుకుందాం అన్నాను. చంద్రుడు 3 మిల్లీమీటర్ల లోపు చుక్క, 30 సెంటీమీటర్ల దూరంలో. అంటే పట్టీ ఈ చివర భూమి, ఆ చివర చంద్రుడు. పిల్లలు పట్టీని అటూ ఇటూ తిప్పి చూశారు. సూర్యుడు? అడ్డంగా మీటరు దాటిన బంతి, సుమారు 117 మీటర్ల దూరంలో. టెర్రస్ చాల్లేదు. పిట్టగోడ దగ్గరికి వెళ్లి వీధి చివరి మందుల షాపు దాకా వేలు చూపించుకున్నారు. మనకు బాగా దగ్గరి నక్షత్రం ఎక్కడో అడిగాడు ఒకబ్బాయి. అదే కొలతతో లెక్కేస్తే 31 వేల కిలోమీటర్లు దాటింది.

ఆ పేజీని మార్చాల్సి వచ్చింది. చిత్రకారిణికి ఫోన్ చేస్తే ఆమె అన్నమాట సబబుగానే ఉంది: కొలతకు గీస్తే పేజీ అంతా ఖాళీగా ఉంటుంది, రెండు చుక్కలు తప్ప. చివరికి ఆ ఖాళీనే వాడుకున్నారు. ఎదురెదురు పేజీల ఒక చివర భూమి, రెండో చివర చంద్రుడు, మధ్య అంతా నలుపు. పుస్తకం మొత్తంలో పిల్లలు ఎక్కువసేపు ఆగే పేజీ అదే అయింది. ఆ ఆలోచన నాదీ కాదు, శాస్త్రవేత్తదీ కాదు. అడిగిన పాపది సగం, గీసినామెది సగం.

నలుపు అన్నాను కదా, అచ్చువాళ్ల సంగతి కూడా చెప్పాలి. రాత్రి ఆకాశాన్ని అచ్చేయడం కష్టమైన పని. ఒక్క నల్ల సిరాతో వేస్తే పేజీ బూడిద రంగులో చప్పగా వస్తుంది. చిక్కటి నలుపు కోసం మిగతా రంగులు కూడా కలుపుతారు. అప్పుడు చుక్కలు తెల్లగా మిగలాలంటే, ఒక్కో రంగుకు ఒకటి చొప్పున ఉండే నాలుగు అచ్చు ప్లేట్లలోనూ ఆ చోటు ఖాళీగా ఉండి, నాలుగూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగితే చిన్న చుక్కలు రంగు పూసుకుంటాయి, లేదా సిరా పరుచుకుని పూడిపోతాయి. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన అరుంధతి మాయమైతే, మన పెళ్లిళ్లలో చూపించే ఆ చిన్న చుక్క కోసం పిల్లలు వెతికి ఏం లాభం? మంచి డిజైనరు అచ్చువాళ్లతో ముందే మాట్లాడుకుని, ఎంత చిన్న చుక్క నిలుస్తుందో కనుక్కుని, అంతకంటే చిన్నవి పెట్టరు. ఈ పని చేసినవాళ్ల పేరు పుస్తకంలో ఎక్కడా ఉండదు.

ఇంకో చిన్న తప్పు, చాలా పుస్తకాల్లో కనిపించేది: నెలవంక రెండు కొమ్ముల మధ్య ఒక నక్షత్రం. అక్కడ చంద్రుడి చీకటి భాగం ఉంది. దాని వెనక ఉన్న నక్షత్రం మనకు కనిపించే వీలే లేదు.

ఇక తెలుగు చేసేవారి సంగతి. వాళ్ల పని మాటలతో అయిపోతుందని ప్రచురణకర్తలు కూడా అనుకుంటారు. ఖగోళ పుస్తకానికి అది చాలదు. పైదేశాల పుస్తకం ధ్రువ నక్షత్రంతో మొదలవుతుంది. ఏ ఊరి అక్షాంశం ఎంతో, అక్కడ ధ్రువుడు దిక్చక్రానికి, అంటే నేలా నింగీ కలిసినట్టు కనిపించే గీతకు, అన్ని డిగ్రీల ఎత్తులో ఉంటాడు. లండన్‌లో 51 డిగ్రీలు, హైదరాబాదులో 17, చెన్నైలో 13. చెయ్యి చాచి పిడికిలి పడితే ఒక పిడికిలి సుమారు 10 డిగ్రీలు. అంటే చెన్నై పిల్లలు ఒక పిడికిలికి కాస్త పైన వెతకాలి, అక్కడ ఉండేది పక్క అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు. మొదటి పేజీలోనే పిల్లలు ఓడిపోతారు. అదే జనవరి, ఫిబ్రవరి రాత్రుళ్లలో దక్షిణం వైపు తిప్పితే అగస్త్య నక్షత్రం వెలిగిపోతూ ఉంటుంది. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత ప్రకాశంలో అదే. లండన్ పిల్లలకు అది ఎప్పటికీ ఉదయించదు. మన పుస్తకం దానితో మొదలవ్వచ్చు కదా?

నీడ లేని రోజు కూడా అంతే. ఏడాదిలో రెండుసార్లు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకు వస్తాడు, నిలబెట్టిన కర్ర నీడ కర్ర కిందే దాక్కుంటుంది. చెన్నైలో ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతంలో. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి. కర్కాటక రేఖకు పైన ఉన్న దేశాల పుస్తకాల్లో ఈ ప్రయోగమే ఉండదు, ఎందుకంటే అక్కడ అది జరగదు. పైసా ఖర్చు లేకుండా బడి ఆవరణలో చేయగలిగిన ఇంత మంచి ప్రయోగం, ఇక్కడి మనిషి కూర్చుని కలిపితేనే పుస్తకంలోకి వస్తుంది. ఒకే తెలుగు పుస్తకం చెన్నైలోనూ, విజయవాడలోనూ, హైదరాబాదులోనూ చదువుతారు కాబట్టి ఊరూరికీ తేదీల పట్టిక ఇవ్వాలి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అమ్మమ్మలు అంటారు. మే ఆఖరి వారం నుంచి రెండు వారాలు. ఆ రోజుల్లో సూర్యుడు రోహిణి నక్షత్రం ఉన్న వైపే ఉంటాడు, అందుకే రోహిణి పేరు పెట్టుకున్న కార్తెలో ఆ నక్షత్రం మాత్రం కనిపించదు. డిసెంబరు రాత్రుళ్లలో చూడండి, ఎర్రగా, నడినెత్తి దగ్గర్లో. సామెత నోట్లో ఉన్న ఇంటి పిల్లలకు ఈ సంగతి చెబితే భూమి సూర్యుడి చుట్టూ తిరగడం ఒక్కసారిగా అర్థమవుతుంది. ఇది ఏ ఇంగ్లీషు ప్రతిలోనూ ఉండదు, తెలుగు చేసేవారే చేర్చాలి. అలా చేర్చే హక్కు వాళ్లకు ఇవ్వాలి. చాలాచోట్ల ఇవ్వరు. మూలంలో లేనిది ఎందుకు పెట్టారని అడుగుతారు.

చెన్నైలో తెలుగు పుస్తకానికి ఇంకో మనిషి తోడు కావాలి. పిల్లలకు తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. పుస్తకాన్ని చదివేది అమ్మో, తాతయ్యో, ఫోన్‌లో అవతల నుంచి అమ్మమ్మో. కాబట్టి వాక్యం నోటితో పలికినప్పుడు ఊపిరి ఆడాలి. మూడు సమాసాలు గుచ్చిన వాక్యాన్ని తాతయ్య చదవగలరు గానీ మనవడు వినలేడు. టెర్రస్ మీద చదివినప్పుడు నేను ఎక్కడెక్కడ తడబడ్డానో అక్కడక్కడ గీత పెట్టి తిరగరాయించాం. ఈ నగరంలోనే తూలిక లాంటి ప్రచురణ సంస్థ 1996 నుంచి అనేక భారతీయ భాషల్లో, తెలుగుతో సహా, పిల్లల పుస్తకాలు వేస్తోంది. బెంగళూరులో ప్రథమ్ బుక్స్ 2004లో మొదలైంది. పుస్తకాలు లేవని ఇక అనలేం. ఇంట్లో బిగ్గరగా చదివేవాళ్లు దొరకడమే కష్టం.

అంకెల సంగతి కొద్దిగా. శనిగ్రహానికి ఎన్ని చందమామలు? 2023లో 146 అని రాసినవారు ఒప్పే. 2025 మార్చిలో ఆ లెక్క 274కు చేరింది. ప్లూటో 2006 ఆగస్టులో గ్రహాల జాబితా నుంచి పోయింది, పాత పుస్తకాలు ఇంకా అరల్లో ఉన్నాయి. తెలివైన ఎడిటరు అంకె పక్కన ఏడాది రాయిస్తారు, ఇంకా కనిపెడుతూనే ఉన్నారని ఒక వాక్యం పెడతారు. అంకె పాతబడినా అప్పుడు పుస్తకం అబద్ధం చెప్పినట్టు అవ్వదు.

ఏం మారాలో చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. పేజీలు కట్టాక, అచ్చుకు ముందు, బొమ్మలతో సహా మొత్తం ఫైలు శాస్త్రవేత్తకు ఇంకోసారి వెళ్లాలి. చిత్రకారులు మొదటి గీతలు గీసేటప్పుడే వాళ్లిద్దరూ గంటసేపు ఫోన్‌లోనైనా మాట్లాడుకోవాలి. దీనికి అయ్యేది కొద్ది రోజుల ఆలస్యం. బొమ్మలకు ఒకేసారి ఇంత అని ఇచ్చేసి చేతులు దులుపుకునే అలవాటు పోయి, మళ్లీ గీయించినప్పుడల్లా డబ్బు ఇవ్వాలి. లేకపోతే దిద్దమని అడగడానికి ఎడిటరుకే మొహమాటం. సరిచూసినవారి పేరు, తెలుగు చేసినవారి పేరు వెతికితే గానీ కనిపించని చిన్న అక్షరాల్లో కాకుండా రచయిత పేరు కింద ఉండాలి. కొనే తల్లిదండ్రులు కూడా ఆ పేర్లు ఉన్నాయో లేదో చూడండి. పేరు పెట్టినవాళ్లు బాధ్యత తీసుకున్నట్టు.

ఇందులో ఏ పొరపాటునూ క్షమించలేని పేజీ ఒకటుంది: సూర్యగ్రహణం. మన కంటి రెటీనాకు నొప్పి తెలియదు, అందుకే కాలిపోతున్నా పిల్లలు చూపు తిప్పుకోరు. ఎక్స్‌రే ఫిల్ములు, మామూలు కూలింగ్ గ్లాసులు పనికిరావు. సూర్యుడిని చూడటానికే చేసిన ఫిల్టరు కావాలి, లేదంటే అట్టముక్కకు సన్నటి చిల్లు పెట్టి, సూర్యుడికి వీపు తిప్పి, బింబాన్ని గోడ మీద చూడాలి. ఇదంతా మాటల్లో సరిగ్గా రాసి, పక్క బొమ్మలో ముచ్చటగా ఉంటుందని కూలింగ్ గ్లాసులు పెట్టుకున్న పిల్లాడిని గీస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 2031 మే 21న కేరళ, తమిళనాడు దక్షిణ భాగాల మీదుగా కంకణ సూర్యగ్రహణం సాగుతుంది. చెన్నైలో, తెలుగు రాష్ట్రాల్లో పాక్షికంగా కనిపిస్తుంది. రాసి, గీయించి, బొమ్మలతో సహా సరిచూయించి, భాషల్లోకి తెచ్చి, అచ్చువేసి బడులకు చేర్చేసరికి రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి కాబట్టి, ఆ ఒక్క పేజీని గీసే మనిషినీ దాన్ని సరిచూసే మనిషినీ ఇప్పటినుంచే ఒకచోట కూర్చోబెట్టాలి.